హీటెడ్ జాకెట్ తగిలించాక బైకు మొరాయిస్తుంటే: లోపం ఎక్కడుందో తేల్చే పద్ధతి

బైకు కరెంటుతో లోపలి వైర్లు వేడెక్కే జాకెట్ హైవేలో వెచ్చగానే ఉంటుంది, సిగ్నల్ దగ్గర ఆగగానే చల్లబడుతుంది. కాసేపు బండి ఆపి మళ్లీ స్టార్ట్ చేయబోతే సెల్ఫ్ టకటకమని ఊరుకుంటుంది. ఫ్యూజు మార్చిన పది నిమిషాలకే మళ్లీ కొట్టేస్తుంది. ఒక చెయ్యి చురచురమంటుంటే రెండోది కొయ్యబారిపోతుంది. చూడ్డానికి ఇవన్నీ వేర్వేరు జబ్బులే. మూలం మాత్రం దాదాపు ఎప్పుడూ మూడింటిలో ఒకటి: బైకు తయారుచేసే కరెంటు కన్నా మనం లాగేది ఎక్కువ కావడం, తయారైన కరెంటు వైర్లలో, కనెక్టర్లలో వేడిగా మారి దారిలోనే పోవడం, లేదా దుస్తుల లోపలి వైరు తెగడం. ఏదో తేలకుండా కొత్త బ్యాటరీ, కొత్త స్టేటర్ (ఇంజనులో కరెంటు పుట్టించే చుట్టలు) కొనేస్తే డబ్బు పోతుంది, జబ్బు అలాగే ఉంటుంది.

ఈ పని మొత్తానికీ ఒకటే నియమం: ఏది కొలిచినా లోడు (కరెంటు తీసుకునే జాకెట్ లాంటిది) నడుస్తుండగా కొలవాలి. వోల్టులు కొలిచే మీటరు తాను తీసుకునే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. అందుకే పోగులన్నీ తెగి ఒక్క పోగు మీద వేలాడుతున్న వైరు చివర కూడా మీటరు పెడితే 12.6 వోల్టులు చూపిస్తుంది, అంతా బాగుందని నమ్మిస్తుంది. అదే వైరుకు జాకెట్ తగిలించి చూస్తే 9 వోల్టులకు పడిపోతుంది. ఖాళీ వైరు మీద తీసిన రీడింగును నమ్మి గంటలు గంటలు వృథా చేసుకునేవాళ్లు చాలామంది.

ముందు కాగితం మీద లెక్క

12 వోల్టుల హీటెడ్ జాకెట్ లైనర్ సాధారణంగా 65 నుంచి 90 వాట్లు తీసుకుంటుంది. గ్లవ్స్ జత 22 నుంచి 30, ప్యాంటు లైనర్ 35 నుంచి 45, సాక్సులు లేదా ఇన్‌సోల్స్ 20 నుంచి 30, హీటెడ్ గ్రిప్పులు 30 నుంచి 45 వాట్లు. మీ దుస్తుల లేబుల్ మీద అసలు అంకె ఉంటుంది, అదే రాసుకోండి. వాట్లను 13తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 75 వాట్ల జాకెట్, 25 వాట్ల గ్లవ్స్ కలిపితే దాదాపు 8 ఆంపియర్లు.

ఇప్పుడు బైకు వైపు చూడండి. సర్వీస్ మాన్యువల్‌లో ఆల్టర్నేటర్ (కరెంటు తయారుచేసే భాగం, స్టేటర్ ఇందులోదే) శక్తి వాట్లలో ఇస్తారు. ఉదాహరణకు 5000 ఆర్పీఎం దగ్గర 250 వాట్లు ఇచ్చే బండి అనుకుందాం. హాలోజన్ హెడ్‌లైటుకు 55, వెనక లైటు, మీటరు కన్సోల్‌కు కలిపి 15, ఫ్యుయల్ పంపు, ఇంజెక్షన్, ఇగ్నిషన్‌కు ఒక 75 వాట్లు తీసేస్తే మిగిలేది 105. జాకెట్, గ్లవ్స్ కలిపి 100 తీసుకుంటే బ్యాటరీ ఛార్జింగ్‌కు దాదాపు ఏమీ మిగలదు. రేడియేటర్ ఫ్యాను తిరిగినా, బ్రేకు లైటు వెలిగినా ఆ లోటు బ్యాటరీ నుంచే వస్తుంది.

అసలు దెబ్బ తగిలేది ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ ఇవ్వకుండా ఇంజను ఊరికే తిరుగుతున్నప్పుడు. మాన్యువల్‌లో రాసిన వాట్లు ఎక్కువ ఆర్పీఎం దగ్గరవి. ఐడిల్‌లో అందులో సగం కూడా రాకపోవచ్చు. పైన చెప్పిన బండి ఐడిల్‌లో 110 వాట్లు ఇస్తే, ఖర్చు 245 వాట్లు. లోటు 135 వాట్లు, అంటే దాదాపు 11 ఆంపియర్లు బ్యాటరీ నుంచి పోతున్నాయి. 8 ఆంపియర్-అవర్ బ్యాటరీ అయితే ఇరవై నిమిషాల ట్రాఫిక్‌లో సగానికి దగ్గరగా ఖాళీ అవుతుంది. ఆ తర్వాత ఇంజను ఆపితే సెల్ఫ్ లాగదు. ఇలాంటి బండిలో లోపమేదీ లేదు. లెక్కే సరిపోలేదు. ఇక్కడ ఎన్ని విడిభాగాలు మార్చినా ప్రయోజనం ఉండదు. హాలోజన్ బల్బు స్థానంలో ఆ హెడ్‌లైటుకు సరిపోయే మంచి ఎల్‌ఈడీ పెడితే 25-30 వాట్లు మిగులుతాయి. గ్లవ్స్ వేసుకున్నప్పుడు గ్రిప్పులు ఆపేస్తే మరో 30 వాట్లకు పైగా మిగులుతాయి. ఈ రెండింటితోనే సమస్య తీరిపోయే బళ్లు చాలా ఉంటాయి.

సిగ్నల్ దగ్గర జాకెట్ చల్లబడడానికి ఇంకో కారణం కూడా ఉంది. హీటింగ్ వైరు ఇచ్చే వేడి వోల్టేజీతో పాటు సమానంగా తగ్గదు, దాని వర్గంతో (స్క్వేర్‌తో) తగ్గుతుంది. 14 వోల్టులు 12కు పడితే తగ్గింది ఏడో వంతే అనిపిస్తుంది, కానీ వేడిలో నాలుగో వంతుకు పైగా పోతుంది. కనెక్టర్లలో చిన్న చిన్న నష్టాలను కూడా వదలకుండా వెతకాలనడం ఇందుకే.

చేతిలో ఉండాల్సినవి

డిజిటల్ మల్టీమీటర్, డీసీ ఆంపియర్లు కొలిచే క్లాంప్ మీటరు, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, డైఎలెక్ట్రిక్ గ్రీజు (కనెక్టర్లలోకి తేమ చేరనివ్వనిది), క్రింపింగ్ ప్లయర్ (టెర్మినల్‌ను వైరు మీద నొక్కి బిగించేది), హీట్ ష్రింక్ స్లీవులు. క్లాంప్ మీటరు లేకపోయినా పని జరుగుతుంది. మల్టీమీటర్‌ను మధ్యలో కలిపి కరెంటు కొలవాలంటే మాత్రం గుర్తుంచుకోండి, మామూలు మీటర్ల హద్దు 10 ఆంపియర్లు, అదీ కొన్ని క్షణాలకే. జాకెట్, గ్లవ్స్ కలిపి ఆ హద్దుకు బాగా దగ్గరగా ఉంటాయి.

వీటన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది ఒక పాత హెచ్4 హెడ్‌లైటు బల్బు. దాని 55 వాట్ల ఫిలమెంటుకు రెండు వైర్లు వేసి, చివర మీ జాకెట్‌కు ఉన్నలాంటి ప్లగ్గు బిగించుకోండి. అది జాకెట్‌కు బదులు నిలబడే లోడు. జాకెట్ ప్లగ్గు ఊడదీసి దీన్ని పెట్టినప్పుడు తెల్లగా వెలిగితే బైకు వైపు వైరింగ్ బాగున్నట్టే, లోపం దుస్తుల్లోనో కంట్రోలర్‌లోనో (వేడి పెంచి తగ్గించే పెట్టె) ఉంది. ఎర్రగా, మసకగా వెలిగితే వోల్టేజీ దారిలో పోతోంది. అసలు వెలగకపోతే ఫ్యూజు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్), తెగిన వైరు చూడాలి. వెతకాల్సిన చోటు ఒక్క నిమిషంలో సగానికి తగ్గిపోతుంది. ఒక జాగ్రత్త: గాజు క్షణాల్లో కాలిపోతుంది, బల్బును లోహపు మొదలు దగ్గరే పట్టుకోండి, సీటు మీద గానీ ట్యాంకు మీద గానీ పెట్టకండి.

ఛార్జింగ్ సరిగా ఉందా

రాత్రంతా ఆపి ఉంచిన బండికి, కీ వేయక ముందు బ్యాటరీ కొలవండి. 12.7 లేదా 12.8 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే దాదాపు ముప్పావు వంతు. 12.0 అంటే పావు వంతే మిగిలింది, ముందు ఛార్జ్ చేయకుండా మిగతా పరీక్షలు చేసి లాభం లేదు. ఇవి లెడ్-ఆసిడ్, ఏజీఎం (లెడ్‌లోనే ఒక రకం) బ్యాటరీల అంకెలు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ విశ్రాంతిలో 13.2 నుంచి 13.4 చూపించాలి. అందులో 12.8 కనిపిస్తే ఛార్జ్ చివరికొచ్చిందని అర్థం. దీన్ని లెడ్ బ్యాటరీ లెక్కతో చదివి నిండుగా ఉందనుకోవడం తరచూ జరిగే పొరపాటు.

తర్వాత ఇంజను స్టార్ట్ చేసి, దుస్తులేవీ తగిలించకుండా 4000-5000 ఆర్పీఎం దగ్గర బ్యాటరీ టెర్మినళ్ల మధ్య కొలవండి. 13.8 నుంచి 14.6 మధ్య ఉండాలి. 15 దాటితే రెగ్యులేటర్ (వోల్టేజీని హద్దులో ఉంచే భాగం) పాడైనట్టు లేదా దాని ఎర్తు సరిగా లేనట్టు. అది బాగయ్యేదాకా కంట్రోలర్లు తగిలించకండి. ఇప్పుడు జాకెట్, గ్లవ్స్ ఫుల్ మీద పెట్టి అదే ఆర్పీఎంలో మళ్లీ చూడండి. 13.5 పైన నిలిస్తే నిశ్చింత. 13.0 దగ్గర ఆడుతుంటే ఛార్జింగ్ ముక్కుతూ మూలుగుతూ సాగుతోంది. 12.8 కన్నా దిగితే ఎంత దూరం వెళ్లినా బ్యాటరీ ఖాళీ అవుతూనే ఉంటుంది.

లోడు లేకుండా కూడా 13.5 రాకపోతే స్టేటర్, రెగ్యులేటర్ వైపు వెళ్లాలి. స్టేటర్ నుంచి రెగ్యులేటర్‌కు వెళ్లే మూడు ఒకే రంగు వైర్ల కనెక్టర్ వెతకండి, సాధారణంగా పసుపు లేదా తెలుపు వైర్లు. ముందు కంటితోనే చూడండి. మంచి కనెక్టర్‌లో ప్లాస్టిక్ మెరుపు లేకుండా, మూలలు పదునుగా ఉంటాయి. వేడెక్కినదానిలో ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ ఉబ్బి నిగనిగలాడుతూ కనిపిస్తుంది, ఆ పిన్నుకు వచ్చే వైరు ఇన్సులేషన్ గోధుమరంగుకు తిరిగి, వంచితే పెళుసుగా పగులుతుంది, లోపలి రాగి నల్లబడి ఉంటుంది. ఆ నల్లటి భాగం పూర్తిగా పోయేదాకా వైరు వెనక్కి కత్తిరించి కొత్త టెర్మినల్ క్రింప్ చేయాలి. నల్లబడ్డ రాగి మీద క్రింప్ నిలవదు.

కనెక్టర్ ఊడదీసి, ఇంజను ఆపి ఉంచి, స్టేటర్ వైపు ప్రతి రెండు వైర్ల మధ్య ఓములు కొలవండి. సాధారణంగా 0.2 నుంచి 1 ఓము వరకు ఉంటుంది, మూడు జతలూ సమానంగా రావాలి. ముందుగా మీటరు ప్రోబులు రెండూ ఒకదానికొకటి ఆనించి వచ్చే అంకెను తీసేయండి. ఇంత చిన్న విలువల్లో ఆ తేడాయే మోసం చేస్తుంది. తర్వాత ఒక్కో వైరుకూ ఇంజను బాడీకీ మధ్య చూడండి. మీటరు ఏ అంకే చూపించకూడదు. చూపిస్తే చుట్టల ఇన్సులేషన్ కాలి బాడీకి తగులుతోంది, స్టేటర్ మార్చాల్సిందే. చివరగా ఇంజను స్టార్ట్ చేసి ఏసీ వోల్టుల మీద పెట్టి 5000 ఆర్పీఎం దగ్గర మూడు జతలూ కొలవండి. చాలా బళ్లలో 50 నుంచి 75 దాకా వస్తుంది, ఖచ్చితమైన అంకె మాన్యువల్‌లో ఉంటుంది. అంకె కన్నా మూడూ సమానంగా ఉండడం ముఖ్యం. ఆ వోల్టేజీ షాక్ కొడుతుంది, ప్రోబుల లోహానికి వేళ్లు తగలనివ్వకండి. స్టేటర్ బాగుండి బ్యాటరీ దగ్గర మాత్రం తక్కువ వస్తుంటే రెగ్యులేటర్ నుంచి బ్యాటరీ దాకా ఉన్న వైర్లు చూసి, ఆ తర్వాతే రెగ్యులేటర్‌ను అనుమానించండి.

హీటెడ్ దుస్తులు వాడితే స్టేటర్ కాలిపోతుందన్న భయం చాలామందికి ఉంది. షంట్ రకం రెగ్యులేటర్ ఉన్న బళ్లలో స్టేటర్ ఎలాగూ ఎప్పుడూ దాదాపు పూర్తి కరెంటు మోస్తూనే ఉంటుంది. బండికి అక్కర్లేని కరెంటును రెగ్యులేటర్ షార్ట్ చేసి తిరిగి స్టేటర్‌లోకే పంపిస్తుంది. జాకెట్ తగిలిస్తే ఆ వృథాలో కొంత మీ ఒంటికి చేరుతుంది, అంతే. అక్కర్లేని కరెంటును ముందే ఆపేసే సిరీస్ రకం రెగ్యులేటర్‌లో మాత్రం లోడు పెరిగితే స్టేటర్ కరెంటూ పెరుగుతుంది, అయినా అది తట్టుకునేలా తయారైందే. జాకెట్ తగిలించిన వారానికే స్టేటర్ పోయిందంటే, అది అప్పటికే పాడవుతూ ఉందని, లోడు దాన్ని బయటపెట్టిందని అనుకోవడం సబబు.

దారిలో పోయే వోల్టేజీ

ఎక్కువ బళ్లలో జబ్బు దొరికేది ఇక్కడే, కాబట్టి తొందరపడకండి. ఇంజను 3000 ఆర్పీఎం దగ్గర ఉంచి, జాకెట్ గానీ బల్బు గానీ ఫుల్ మీద నడుస్తుండగా, మీటరు డీసీ వోల్టుల మీద పెట్టండి. ఎర్ర ప్రోబు బ్యాటరీ ప్లస్ టెర్మినల్ మీద, నల్ల ప్రోబు కంట్రోలర్‌కు వచ్చే ప్లస్ పిన్ను మీద. కనిపించే అంకె ఆ దారిలో పోయిన వోల్టేజీ. 0.25 లోపు ఉండాలి. అలాగే బ్యాటరీ మైనస్ నుంచి మైనస్ పిన్నుకు కొలవండి. రెండు వైపులా కలిపి 0.5 దాటితే వెతకాల్సిందే.

ఎక్కడ పోతోందో తెలియాలంటే దారిని ముక్కలుగా కొలవాలి. నల్ల ప్రోబును ఒక్కో మజిలీ దగ్గర ఆపుతూ రండి: బ్యాటరీ బోల్టు కింది లగ్గు (వైరు చివరి రింగు), ఫ్యూజు హోల్డర్ ఇటువైపు, అటువైపు, రిలే 30వ నంబరు పిన్ను, 87వ నంబరు పిన్ను, కనెక్టర్ ఈ వైపు, ఆ వైపు. ఎక్కడ అంకె ఒక్కసారిగా దూకుతుందో దొంగ అక్కడే ఉన్నాడు. ఒక్క జాయింటు దగ్గర 0.1 వోల్టు కన్నా ఎక్కువ పడకూడదు. ఇది చిన్న విషయంలా అనిపిస్తే ఈ లెక్క చూడండి: ఒకే కనెక్టర్ మీద 1 వోల్టు పడుతోంది, 8 ఆంపియర్లు నడుస్తున్నాయి అంటే ఆ గోరంత ప్లాస్టిక్ ముక్కలో 8 వాట్ల వేడి పుడుతోంది. అది కరగడానికి చాలినంత.

జాకెట్లకు ఎక్కువగా వాడే గుండ్రటి ప్లగ్గుల్లో బయటి వ్యాసం 5.5 మిల్లీమీటర్లు, లోపలి పిన్ను 2.5 మిల్లీమీటర్లు. అచ్చం అలాగే కనిపించే 2.1 మిల్లీమీటర్ల పిన్ను సాకెట్లు కూడా దొరుకుతాయి. వాటిలో ప్లగ్గు దూరుతుంది కానీ లోపల వదులుగా ఆడుతుంది. గతుకుల్లో వేడి వస్తూ పోతూ ఉంటే ముందు ఈ కొలత చూడండి. ఏళ్ల తరబడి తీసి పెట్టిన ప్లగ్గుల్లో స్ప్రింగు బిగువు కూడా తగ్గుతుంది, వాటిని బాగుచేయడం కన్నా మార్చడమే మేలు. పిన్ను మీద పచ్చగా చిలుము పట్టి ఉంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి తుడిచి, పలచగా డైఎలెక్ట్రిక్ గ్రీజు రాయండి.

ఇంకో పెద్ద దొంగ, బ్యాటరీ మెయింటైనర్‌తో (ఆపి ఉంచిన బండి బ్యాటరీని నిండుగా ఉంచే చిన్న ఛార్జర్) వచ్చే తోక వైరు. బ్యాటరీకి అది ఎలాగూ బిగించి ఉందని చాలామంది జాకెట్‌నూ దానికే తగిలిస్తారు. అది ఒకటి రెండు ఆంపియర్ల ఛార్జింగ్ కోసం చేసిన సన్న వైరు, చాలావాటిలో ఫ్యూజు 7.5 ఆంపియర్లే. గ్లవ్స్ ఒక్కటే అయితే నడుస్తుంది. జాకెట్ కూడా కలిస్తే వైరు వేడెక్కుతుంది, ఫ్యూజు కొట్టేస్తుంది. అప్పుడు అందులో 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టడం అన్నిటికన్నా ప్రమాదం, ఎందుకంటే ఫ్యూజు ఉండేది వైరును కాపాడ్డానికి.

కొత్తగా వైరు వేయాలంటే

10 ఆంపియర్ల దాకా కనీసం 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వాడండి. ఇది మీటరుకు దాదాపు 12 మిల్లీఓములు. బ్యాటరీ నుంచి ప్లగ్గుకు 2 మీటర్లు ఉంటే రానుపోను 4 మీటర్లు, 10 ఆంపియర్ల దగ్గర దాదాపు అర వోల్టు పోతుంది. అదే 2.5 చదరపు మిల్లీమీటర్లయితే నష్టం 0.3కు తగ్గుతుంది. తేడా ధరలో కొంచెమే, వేడిలో బాగానే తెలుస్తుంది, అందుకే మొదటే మందం వైరు వేయమని చెబుతాం. వెనక కూర్చునేవాళ్లకూ జాకెట్ ఉంటే వాళ్లకు విడిగా ఇంకో వైరు, ఇంకో ఫ్యూజు.

ఫ్యూజు బ్యాటరీ ప్లస్‌కు ఒక జానెడు దూరం లోపే ఉండాలి. ఫ్యూజుకూ బ్యాటరీకీ మధ్య ఉన్న వైరుకు రక్షణ ఉండదు, ఆ ముక్క ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. 8 ఆంపియర్ల లోడుకు 10 ఆంపియర్ల ఫ్యూజు అంచున నిలుస్తుంది, 15 ఆంపియర్లది పెట్టండి, వైరు అంత కరెంటు మోసేదై ఉండాలి. మైనస్ వైరును ఫ్రేముకు కాకుండా నేరుగా బ్యాటరీ మైనస్‌కు తీసుకెళ్లండి. పెయింటు కింద తుప్పుపట్టిన ఫ్రేము బోల్టుతో ఎన్నో రోజులు తిప్పలు పడాల్సి వస్తుంది.

జాకెట్ కరెంటును ఇగ్నిషన్ స్విచ్ వైరు నుంచి గానీ హెడ్‌లైటు వైరు నుంచి గానీ ఎప్పుడూ లాగకండి. రిలే వాడండి: బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు మీదుగా 30కి, 87 నుంచి ప్లగ్గుకు, కీ వేస్తే కరెంటు వచ్చే ఏదైనా చిన్న వైరు 86కి, ఎర్తు 85కి. రిలే కాయిల్ తీసుకునేది 0.15-0.2 ఆంపియరే, ఏ వైరూ నొచ్చుకోదు. కీ తీయగానే జాకెట్‌కూ కరెంటు ఆగుతుంది. వైర్లు కలిసే జాయింట్ల దగ్గర టంకం కన్నా మంచి క్రింప్ నయం, టంకం పెట్టినచోట వైరు బిరుసై, అది ఆగేచోట బండి అదురుకు తెగుతుంది.

రెండు చదునైన పిన్నులుండే ఎస్‌ఏఈ కనెక్టర్‌లో బ్యాటరీ వైపు ప్లస్ పిన్ను ప్లాస్టిక్ లోపల మూసి ఉండాలి, బయటకు పొడుచుకొచ్చినది మైనస్. తలకిందులైతే ఉత్త హీటింగ్ వైరుకు ఏమీ కాదు, అది ఎటు నుంచి కరెంటు వచ్చినా వేడెక్కుతుంది. ఎలక్ట్రానిక్ కంట్రోలర్ మాత్రం చచ్చిపోవచ్చు.

క్యాన్ బస్ (లైట్లు, సాకెట్లు కంప్యూటర్ అదుపులో ఉండే వైరింగ్) ఉన్న బళ్లలో కంపెనీ ఇచ్చిన సాకెట్‌కు మామూలు ఫ్యూజు ఉండకపోవచ్చు. హద్దు దాటినా, వోల్టేజీ తగ్గినా కంప్యూటరే దాన్ని ఆపేస్తుంది, కీ తీసి వేస్తే మళ్లీ వస్తుంది. ఫ్యూజు దొరకడం లేదని బండంతా విప్పకుండా, నేరుగా బ్యాటరీ నుంచి వేరే వైరు వేసుకోవడమే దీనికి మందు.

ఫ్యూజు ఎందుకు పోయిందో ఫ్యూజే చెబుతుంది

పోయిన ఫ్యూజును పారేయకండి, వెలుతురులో పెట్టి చూడండి. లోపల నల్లగా మసిబారి, లోహం చిట్లి అంటుకుని ఉంటే పూర్తి షార్ట్. వైరు ఎక్కడో సీటు కిందో స్టీరింగు దగ్గరో ఒరుసుకుని ఫ్రేముకు తగులుతోంది. మధ్యలో తీగ మాత్రం నింపాదిగా కరిగి తెగి ఉంటే కొద్దిపాటి అధిక లోడు చాలాసేపు నడిచింది, అంటే ఫ్యూజు చిన్నది లేదా దుస్తులు ఎక్కువ. తీగ దగ్గర కాకుండా, హోల్డర్‌లోకి దూరే ఒక పిన్ను దగ్గర ప్లాస్టిక్ వంగి కరిగి ఉంటే కరెంటు తప్పేమీ లేదు, హోల్డర్ పట్టు వదులై ఆ వేడికి ఫ్యూజు పోయింది. హోల్డర్ మార్చాలి, ఫ్యూజు ఒక్కటే మారిస్తే చాలదు.

హ్యాండిల్ తిప్పినప్పుడో, వంగినప్పుడో మాత్రమే ఫ్యూజు పోతుంటే బల్బును ఫ్యూజు స్థానంలో వరుసగా కలిపి, దుస్తులు ఊడదీసి, వైరు పొడవునా కదుపుతూ రండి. షార్ట్ తగిలినచోట బల్బు నిండుగా వెలుగుతుంది, ఫ్యూజులు ఒక్కటీ ఖర్చు కావు.

కంట్రోలర్‌తో వచ్చే అయోమయం

వేడి తగ్గించే కంట్రోలర్ వోల్టేజీని తగ్గించదు, కరెంటును ఆపి ఆపి ఇస్తుంది. అందుకే మధ్యస్థ వేడి మీద పెట్టి మీటరుతో కొలిస్తే అంకెలు పిచ్చిపట్టినట్టు ఎగురుతాయి. పరీక్షలన్నీ ఫుల్ మీదే చేయండి. ఐడిల్‌లో కంట్రోలర్ లయకు తగ్గట్టు హెడ్‌లైటు కొద్దిగా మిణుకుమంటే అది లోపం కాదు. సగం వేడి మీద పెట్టినా కరెంటు నడిచే క్షణంలో పూర్తి 8 ఆంపియర్లూ నడుస్తాయి కాబట్టి వైరు, కనెక్టర్ల ఎంపిక పూర్తి లోడుకే జరగాలి.

నాబ్ ఎంత తగ్గించినా జాకెట్ కాలిపోతుంటే కంట్రోలర్ లోపలి ట్రాన్సిస్టర్ షార్ట్ అయిపోయింది, దాన్ని మార్చాలి. కొన్ని కంట్రోలర్లు మైనస్ వైపు స్విచ్ చేస్తాయి. అలాంటిదైతే జాకెట్ మైనస్ వైరు ఎక్కడైనా ఒరుసుకుని ఫ్రేముకు తగిలినా ఇదే లక్షణం కనిపిస్తుంది, కాబట్టి కొత్తది కొనే ముందు అది చూడండి. కంట్రోలర్ తీసేసి జాకెట్‌ను నేరుగా కలిపితే వేడెక్కుతోందంటే జాకెట్ బాగున్నట్టే.

దుస్తుల్లో తెగిన వైరు

ఒక గ్లవ్ వేడిగా, రెండోది చల్లగా ఉంటే ముందు గ్లవ్స్ ప్లగ్గులు అటూ ఇటూ మార్చండి. చల్లదనం గ్లవ్ వెంట వెళితే లోపం గ్లవ్‌లో ఉంది. అదే చేతి దగ్గర ఉండిపోతే జాకెట్ చేతి లోపలి వైరు తెగింది, చాలాసార్లు మోచేతి దగ్గర లేదా మణికట్టు ప్లగ్గుకు అంగుళం వెనక.

ఓములతో కూడా తేల్చవచ్చు. 12-13 వాట్ల గ్లవ్ ఒక్కొక్కటి 13 ఓముల దరిదాపుల్లో చూపిస్తుంది, 75 వాట్ల జాకెట్ 2.2 దగ్గర. జాకెట్‌లో సమానమైన నాలుగు హీటింగ్ ముక్కలుండి ఒకటి తెగితే 2.2 కాస్తా 2.9 అవుతుంది. వీపు వేడిగా ఉండి మెడ చల్లగా ఉన్నప్పుడు కనిపించేది ఇదే. మీటరు తగిలించి ఉంచి చెయ్యి వంచుతూ, చాపుతూ చూడండి, తెగిన చోట అంకె గంతులు వేస్తుంది. లోపల థర్మోస్టాట్ గానీ ఎలక్ట్రానిక్స్ గానీ ఉన్న దుస్తులకు ఈ లెక్క పనిచేయదు. హీటింగ్ వైరు శరీరానికి తగిలే భాగంలో తెగితే ఇంట్లో అతికించకండి. ఆ అతుకు దగ్గరే వేడి పోగై చర్మం కాలుతుంది. సరఫరా వైరును మాత్రం అతకవచ్చు.

7.4 వోల్టుల బ్యాటరీతో నడిచే గ్లవ్స్‌ను 12 వోల్టుల ప్లగ్గుకు ఎప్పుడూ కలపకూడదు. ప్లగ్గులు ఒకేలా ఉంటాయి, అక్కడే వస్తుంది ప్రమాదం. బైకు ఇచ్చే 13.8 వోల్టుల మీద అవి మూడున్నర రెట్లు శక్తి తీసుకుంటాయి. గ్లవ్ కన్నా ముందు చెయ్యి కాలుతుంది. ఏ హీటెడ్ దుస్తులనైనా ఒంటి మీద నేరుగా కాకుండా లోపల పలచటి చొక్కా మీద వేసుకోండి, మడతపెట్టి ఉన్నప్పుడు ఆన్ చేయకండి. చర్మంలో స్పర్శ తగ్గినవాళ్లు, ముఖ్యంగా మధుమేహం ఉన్నవాళ్లు, తక్కువ వేడి మీదే ఉంచాలి. కాలుతున్న సంగతి వాళ్లకు ఆలస్యంగా తెలుస్తుంది.

దారిలో వోల్టేజీ పడిపోతుంటే

ముందు గ్రిప్పులు, ఫాగ్ లైట్లు ఆపండి. తర్వాత జాకెట్ సగానికి తగ్గించండి, గ్లవ్స్ ఉంచండి. అవి తీసుకునేది తక్కువ, బ్రేకు, క్లచ్ పట్టుకోవాల్సింది ఆ వేళ్లే. ఒక గేరు తగ్గించి ఆర్పీఎం పెంచితే ఆల్టర్నేటర్ కోలుకుంటుంది. ఏబీఎస్ లైటు వెలగడం, గడియారం రీసెట్ కావడం వోల్టేజీ బాగా దిగజారిందనడానికి గుర్తులు. అప్పుడు హీటెడ్ దుస్తులన్నీ ఆపేయాలి, ఇంజను మాత్రం ఆపకూడదు. మామూలు రోజుల్లో కూడా ఆగడానికి పది నిమిషాల ముందు దుస్తులు ఆపేసి బ్యాటరీకి ఊపిరి పోసుకోనివ్వండి.

ఆపి ఉంచిన బండి రెండు మూడు రోజుల్లో బ్యాటరీ ఖాళీ చేస్తుంటే, కీ తీసి, బ్యాటరీ మైనస్ వైరు ఊడదీసి మధ్యలో మల్టీమీటర్‌ను ఆంపియర్ల మీద కలపండి. కొన్ని మిల్లీఆంపియర్లు మామూలే. పదుల్లో కనిపిస్తే కంట్రోలర్ ప్లగ్గు తీసి చూడండి, అంకె పడిపోతే దానికి రిలే తప్పనిసరి. మీటరు అలా ఉండగా కీ వేయకండి, సెల్ఫ్ నొక్కకండి, మీటరు ఫ్యూజు పోతుంది.

రిపేరు ఏది చేసినా చివరి పరీక్ష ఒకటే. అన్నీ తగిలించి, ఫుల్ మీద పెట్టి, ఇంజను 3000 ఆర్పీఎంలో ఉంచి, బండికి గాలి తగిలేలా బయట పెట్టి పదిహేను నిమిషాలు నడపండి. ఆ తర్వాత ఫ్యూజు హోల్డర్, రిలే సాకెట్, ప్రతి కనెక్టర్‌నూ వేలితో తాకండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. వేలు ఆన్చి ఉంచలేనంత వేడిగా ఏదైనా తగిలితే తర్వాత పాడయ్యేది అదే, దాన్ని ఆ రోజే మార్చండి.